అక్వేరియం అద్దం మీద ఆ గీత ఎవరు గీశారు?

ఈ రోజు ఎపిసోడ్ కాస్త వెరైటీ. రాజులు లేరు, యుద్ధాలు లేవు. ఒక గీత ఉంది, అంతే. కెమెరా దగ్గరికి తీసుకెళ్తున్నా, చూడండి. టెక్స్ట్‌లో చదువుతున్నవాళ్లకి నేనే చెప్తా. ఇది నా రెండడుగుల అక్వేరియం ముందు అద్దం. ఎడమ నుంచి కుడికి, ఇసుకకి నాలుగు వేళ్ల పైన, జానెడు పొడవున సన్నటి గీత. లోపల చెయ్యి పెట్టి తడిమితే గోరుకి తగులుతుంది. లైట్ వేస్తే ఇంకా బాగా కనిపిస్తుంది, ఎందుకంటే ఆ గీతలో ఆకుపచ్చగా పాచి పట్టింది. అంటే పాచి తీద్దామని వెళ్లి, ఇంకెప్పటికీ పూర్తిగా తీయలేని చోట పాచికి నేనే ఇల్లు కట్టిపెట్టానన్నమాట.

ఎలా పడిందో చెప్తా. మూడు వారాలు బద్ధకించాను. అద్దం మీద చిన్న చిన్న పచ్చ చుక్కలు వచ్చాయి. గుడ్డతో తుడిస్తే పోలేదు. ఆన్‌లైన్‌లో మాగ్నెట్ క్లీనర్ కొన్నాను. తెలుసు కదా, ఒక ముక్క నీళ్లలో, ఒక ముక్క బయట, రెండూ అద్దానికి అటూ ఇటూ అతుక్కుంటాయి, బయటిది జరిపితే లోపలిది గోకుతుంది. బాగానే పోతున్నాయి చుక్కలు. కిందకొచ్చేసరికి "కర్ర్" అని చిన్న సౌండ్. ఆగాలి కదా? ఆగలేదు. ఇంకోసారి లాగాను. అంతే.

మొదట మాగ్నెట్‌ని తిట్టాను. తర్వాత కొన్నవాళ్లని, అంటే నన్నే. కోడ్‌లో తప్పు మనది పెట్టుకుని కంపైలర్‌ని తిట్టే రోజులు గుర్తొచ్చాయి. సరే, డీబగ్ చేద్దాం అని కూర్చున్నా. తవ్వుకుంటూ పోతే 1849లో లండన్‌లో తేలాను.

అక్కడ రాబర్ట్ వారింగ్టన్ అని ఒక కెమిస్ట్. అపోతికరీస్ హాల్‌లో పని, అంటే మందులు తయారుచేసే సంస్థ. ఆయనకి ఒక డౌట్. చేపలు ఆక్సిజన్ పీల్చి కార్బన్ డయాక్సైడ్ వదుల్తాయి, మొక్కలు వెలుతురులో దానికి రివర్స్ చేస్తాయి. మరి రెండిటినీ ఒకే గాజు పాత్రలో పెడితే నీళ్లు మార్చకుండా నడుస్తుందా? దాదాపు 12 గ్యాలన్ల గాజు పాత్ర తీసుకున్నాడు, మన లెక్కలో 55 లీటర్లు. సగం నీళ్లు, అడుగున ఇసుక, మట్టి, కొన్ని రాళ్లు. రెండు చిన్న గోల్డ్‌ఫిష్‌లు. వాలిస్నేరియా మొక్క ఒకటి, రిబ్బన్ లాంటి ఆకులు ఉంటాయే, ఇప్పటికీ మన షాపుల్లో అమ్ముతారు. పైన పలచటి మస్లిన్ గుడ్డ. ఆ గుడ్డ ఎందుకంటే లండన్ గాలిలో బొగ్గు మసి, అది నీళ్లలో పడకుండా.

కొన్నాళ్లు బ్రహ్మాండంగా నడిచింది. తర్వాత వాలిస్నేరియా పాత ఆకులు కుళ్లడం మొదలైంది. పాత్ర గోడల మీద పచ్చటి జిగురు పట్టింది. నీళ్లు మసకబారాయి. ఇలాగే పోతే చేపలకి ప్రమాదం అని ఆయనకి అర్థమైంది.

ఇక్కడ నేనైతే స్క్రబ్బర్ తెచ్చేవాణ్ణి. వారింగ్టన్ ఏం చేశాడు? చెరువు నత్తలు ఐదారు తెచ్చి వేశాడు. లిమ్నియా స్టాగ్నాలిస్ అనే రకం. అవి కుళ్లిన ఆకులూ తిన్నాయి, గోడ మీది పాచీ తిన్నాయి. నీళ్లు మళ్లీ తేటపడ్డాయి. పైగా నత్తలు పెట్టిన గుడ్లు చేపలకి మేత. 1850లో ఇదంతా కెమికల్ సొసైటీ ముందు పెట్టాడు. అక్వేరియం చరిత్రలో ఈ పేపర్‌ని అందరూ "చేపలు, మొక్కలు, బ్యాలెన్స్" అని గుర్తుపెట్టుకుంటారు. నాకు మాత్రం వేరేలా కనిపించింది. చేపలు, మొక్కలు రెండే ఉన్నప్పుడు సిస్టమ్ ఫెయిలయింది. మూడోవాడు వచ్చాకే నిలబడింది. ఆ మూడోవాడి ఉద్యోగం, అద్దం తుడవడం.

ఈయన ఒక్కడే కాదులెండి. సిసిలీలోని మెస్సీనాలో జాన్ వీల్‌ప్రూ-పవర్ అని ఒక ఫ్రెంచ్ ఆవిడ, ఒకప్పుడు బట్టలు కుట్టే పని చేసిన ఆవిడ, 1832లోనే గాజు తొట్టెలు చేయించి ఆర్గొనాట్ అనే సముద్ర జీవిని గమనించింది. లండన్‌లో ఆనా థిన్ 1846లో సముద్రపు పగడపు జీవుల్ని ఇంటికి తెచ్చి, నీళ్లలో గాలి కలవడానికి కిటికీ దగ్గర పనమ్మాయి చేత ఒక పాత్రలోంచి ఇంకో పాత్రలోకి పోయించేది, రోజూ అరగంటకి పైగా. అంటే ఇప్పుడు మనం రెండొందలు పెట్టి కొనే ఎయిర్ పంపు పనిని ఆ రోజుల్లో ఒక అమ్మాయి చేతులు చేశాయి. ఆ అమ్మాయి పేరు మనకి తెలియదు.

ఇంకో సంగతి. ఇదంతా 1840ల తర్వాతే ఎందుకు ఊపందుకుంది? ఒక కారణం ట్యాక్స్. బ్రిటన్‌లో గాజు మీద 1746 నుంచి ఎక్సైజ్ పన్ను ఉండేది, గాజు బరువుని బట్టి. 1845లో తీసేశారు. ఆరేళ్లకే, 1851లో, లండన్‌లో ఇనుము, గాజుతో క్రిస్టల్ ప్యాలెస్ లేచింది. గాజు మామూలు ఇళ్లకి అందుబాటులోకి వచ్చింది.

1853 మే నెలలో లండన్ జూలో ఫిష్ హౌస్ తెరిచారు, ప్రజలు టికెట్ కొని చూసిన మొదటి అక్వేరియం అదే. దాని వెనకాల పనిచేసిన ప్రకృతి శాస్త్రవేత్త ఫిలిప్ హెన్రీ గాస్ మరుసటి ఏడాది 'ది అక్వేరియం' అని పుస్తకం రాశాడు. ఇంగ్లండ్‌కి పిచ్చి పట్టింది. పిచ్చి అంటే నిజంగానే. రైలెక్కి సముద్రానికి వెళ్లడం, రాళ్ల గుంటల్లో దొరికిందల్లా జాడీలో వేసుకురావడం.

గాస్ కూడా గోడలు తుడిచే పనికి నత్తల్నే నమ్ముకున్నాడు, సముద్రపు నత్తల్ని. భూతద్దం పట్టుకుని అవి అద్దం మీద మేస్తుంటే చూస్తూ కూర్చునేవాడు. మీరూ చూడొచ్చు, చాలా బాగుంటుంది. ఫోన్ అద్దానికి ఆనించి జూమ్ చేయండి. నత్త నోరు తెరుస్తుంది, లోపలినుంచి నాలుక లాంటిది బయటికొచ్చి అద్దాన్ని ఒక నాకు నాకి లోపలికి పోతుంది. మళ్లీ వస్తుంది. దాన్ని రాడ్యులా అంటారు. ఆకురాయి ముక్కలాంటి పట్టీ అనుకోండి, దాని నిండా వరసలు వరసలుగా సన్నటి పళ్లు. ముందు వరస అరిగిపోతే వెనకనుంచి కొత్త వరస జరుగుతూ వస్తుంది. పాచి పల్చగా పట్టిన అద్దం మీద నత్త వెళ్లిన దారి చూస్తే అటూ ఇటూ వంకరగా కోసిన గడ్డిలా ఉంటుంది. మామూలు మంచినీటి నత్త పళ్లు ప్రధానంగా కైటిన్, అంటే రొయ్య పెంకులో ఉండే పదార్థమే. అద్దానికి దానివల్ల ఏమీ కాదు.

ఆ పిచ్చికి మాత్రం ఒక ఖరీదు ఉంది. గాస్ కొడుకు ఎడ్మండ్ 1907లో తండ్రి గురించి రాసిన పుస్తకంలో ఆ సంగతి చెప్పాడు. తన చిన్నప్పుడు నాన్నతో కలిసి చూసిన ఇంగ్లండ్ తీరపు రాళ్ల గుంటలు, ఆ అందం, ఇంక లేవని. కలెక్షన్ పేరుతో జనం ఊడ్చేశారని. పుస్తకాలు రాసి ఆ జనాన్ని తీరానికి పంపింది తన తండ్రే అని కూడా. తండ్రికి ఆ బాధ బాగా ఉండేదట. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్లీ దీని దగ్గరికి వస్తాను.

ఇంకో మనిషి ఉన్నాడు, విలియం ఆల్ఫర్డ్ లాయిడ్. లండన్‌లో అక్వేరియం సామాన్ల కొట్టు నడిపి దివాలా తీశాడు. కానీ పని తెలిసినవాడు. 1871లో క్రిస్టల్ ప్యాలెస్ దగ్గర పెద్ద అక్వేరియం ఆయన చేతికొచ్చింది. ఆయన ఏం చేశాడంటే, జనం చూసే ట్యాంకుల్లో కొంచెం నీళ్లు, కింద చీకట్లో దానికి కొన్ని రెట్లు పెద్ద రిజర్వాయరు. పంపులతో నీళ్లు పైకీ కిందకీ తిరుగుతూనే ఉంటాయి. నీళ్లలో ఎక్కువ భాగం ఎప్పుడూ చీకట్లోనే ఉంటుంది కాబట్టి పచ్చబడవు. సింపుల్. పాచిని గోకడం కాదు, పాచికి కరెంట్ కట్ చేయడం. ఇవాళ "లైట్ టైమర్ పెట్టుకో, రోజుకి 6 నుంచి 8 గంటలు చాలు, కిటికీ ఎండ పడనీయకు" అని చెప్తున్నది 150 ఏళ్ల కిందటి లాయిడ్ లాజిక్కే.

మన దగ్గరికి ఎప్పుడొచ్చింది అంటారా? మద్రాసు మెరీనా తీరాన 1909లో అక్వేరియం తెరిచారు. అప్పటికి కోస్తా, రాయలసీమ అంతా మద్రాసు ప్రెసిడెన్సీయే కదా. ఆలోచన మద్రాసు మ్యూజియం సూపరింటెండెంటు ఎడ్గార్ థర్స్టన్‌ది. దక్షిణాది కులాలు, తెగల మీద 7 వాల్యూముల పుస్తకం తెచ్చాడే, ఆ థర్స్టనే. ఆ పుస్తకం వచ్చిందీ అదే ఏడాది. ఇప్పుడు మన వైజాగ్ బీచ్ రోడ్డులో మత్స్యదర్శిని ఉంది, చిన్నప్పుడు స్కూల్ టూర్‌లో వెళ్లినవాళ్లు మీలో చాలామందే ఉంటారు.

సరే, నా గీత సంగతేంటి? నత్త గీయలేదు, చీకటి గీయలేదు. మరెవరు?

దీనికి అద్దం ఎలా పుట్టిందో తెలియాలి. పాతకాలంలో మంచి మందపాటి పలక అద్దం కావాలంటే కరిగిన గాజుని ఇనుప బల్ల మీద పోసి రోలర్‌తో పరిచేవాళ్లు. చల్లారాక రెండు వైపులా గరుకుగా ఉండేది, అవతలివైపు కనపడేది కాదు. దాన్ని నున్నగా చేయడానికి ఏం వాడేవాళ్లో తెలుసా? ఇసుక. ఇసుకా నీళ్లూ పోసి పెద్ద పెద్ద ఇనుప చక్రాలతో అరగదీసేవాళ్లు. తర్వాత అంతకంటే సన్న పొడి, ఇంకా సన్న పొడి, చివరికి రూజ్ అనే ఎర్రటి ఇనుప ఆక్సైడ్‌తో పాలిష్. అంటే గాజు ఫ్యాక్టరీలో గాజుని గోకే అధికారిక పనిముట్టు ఇసుకే! ఈ అరగదీసే పని పోవడానికి 1959 దాకా ఆగాల్సి వచ్చింది. ఆ ఏడాది ఇంగ్లండ్‌లో పిల్కింగ్టన్ కంపెనీ ఫ్లోట్ గ్లాస్ ప్రకటించింది. కరిగిన తగరం మీద కరిగిన గాజుని తేలేస్తే రెండు వైపులా దానంతటదే నున్నగా వస్తుంది. కనిపెట్టినాయన పేరు అలస్టేర్ పిల్కింగ్టన్. ఓనర్ల ఇంటిపేరూ అదే, కానీ దగ్గరి చుట్టరికం లేదు. నమ్మబుద్ధి కాదు గాని నిజం. ఇప్పుడు మీ ఇంటి కిటికీ అద్దం, నా ట్యాంకు అద్దం, మామూలుగా అన్నీ ఫ్లోటే. తగరం మీద తేలి, ఒక్క ఇసుక రేణువు తగలకుండా నున్నగా వచ్చిన అద్దం. దాన్ని తెచ్చి మనం ఏం చేస్తాం? కింద ఇసుక పోస్తాం.

ఇసుక గాజుని ఎందుకు గీయగలదు అనడానికి ఒక లెక్క ఉంది. ఫ్రెడరిక్ మోస్ అని జర్మన్ ఖనిజ శాస్త్రవేత్త. వియన్నాలో ఒక బ్యాంకరు దగ్గరున్న రాళ్ల కలెక్షన్‌ని వర్గీకరించే పని చేశాడు. తర్వాత 1812లో ఒక స్కేలు తెచ్చాడు, టెన్త్‌లో చదివే ఉంటాం, చదివి మర్చిపోయి ఉంటాం. ఏది దేన్ని గీయగలదు అన్నదే రూల్. మెత్తటి టాల్క్‌కి 1, వజ్రానికి 10. మన గోరు రెండున్నర దగ్గర. గాజు అయిదున్నర దగ్గర. మంచి స్టీలు బ్లేడు దాదాపు గాజుకి అటూ ఇటూ. క్వార్ట్జ్ 7. మన నది ఇసుకలో ఎక్కువ భాగం క్వార్ట్జే. నా ట్యాంకులో ఉన్నది ఇల్లు కట్టినప్పుడు మిగిలిన గోదావరి ఇసుక, శుభ్రంగా కడిగి పోశాను. ఎంత కడిగినా 7 ఏడే కదా.

ఇప్పుడు "కర్ర్" సౌండ్ అర్థమైందా? మాగ్నెట్ కిందకి జరిగింది. నాచు పోగుల్లోనో, చేప తోక కొట్టుడికో పైకి లేచిన ఒక్క ఇసుక రేణువు ప్యాడ్‌కీ అద్దానికీ మధ్య ఇరుక్కుంది. మాగ్నెట్ దాన్ని గట్టిగా నొక్కి పట్టుకుంది. నేను దాన్ని జానెడు దూరం లాగాను. గీసింది మాగ్నెట్ కాదు, పెన్ను ఇసుకది, చెయ్యి నాది. 1980ల మొదట్లో నియోడిమియం మాగ్నెట్లు వచ్చాయి, జపాన్‌లో మసాటో సగావా వాళ్లు, అమెరికాలో జనరల్ మోటార్స్ వాళ్లు విడివిడిగా చేశారు. చిన్న ముక్కకే భయంకరమైన పట్టు. మందపాటి అద్దానికి మంచిదే. కానీ మధ్యలో రేణువు పడితే ఆ పట్టే శత్రువు.

దీన్నిబట్టి మన ఇళ్లల్లో చేసే పనులు కూడా అర్థమవుతాయి. ఇత్తడి గిన్నెల్ని ఇటుక పొడితో తోమితే తళతళ మెరుస్తాయి. ఇత్తడి మెత్తన, ఇటుక పొడిలో క్వార్ట్జ్ గట్టి, పైపొర అరిగి కొత్త మెరుపు బయటపడుతుంది. వంటింట్లో పచ్చ స్క్రబ్బర్ ఉంటుందే, చాలావాటిలో అల్యూమినియం ఆక్సైడ్ పొడి అంటించి ఉంటుంది. దాని గట్టిదనం 9. కెంపు రాయి కూడా అదే పదార్థం! అంటే ఆ స్క్రబ్బర్‌తో ట్యాంకు అద్దం తోమడమంటే కెంపుల పొడితో తోమినట్టే. కామెంట్లలో "బ్రో నేను గిన్నెల స్క్రబ్బరే వాడతా, ఏం కాలేదు" అంటారు. ఒకసారి లైట్ ఆపేసి, ఫోన్ టార్చి పక్కనుంచి వేసి చూడండి. సాలెగూడు కనిపిస్తుంది.

ఇక ఆ మొండి పచ్చ చుక్కల సంగతి. పాచి అంతా ఒకటి కాదు. కొత్త ట్యాంకులో మొదట వచ్చే గోధుమరంగు దుమ్ము లాంటిది డయాటమ్స్. వీటి పెంకు సిలికాతో ఉంటుంది, గాజులో ప్రధాన పదార్థం కూడా సిలికాయే. అంటే అద్దం మీద సూక్ష్మమైన అద్దాల ఇళ్లు. కోట్ల ఏళ్ల పాటు ఇవి పేరుకున్న మట్టినే ఆల్ఫ్రెడ్ నోబెల్ 1867లో నైట్రోగ్లిజరిన్‌తో కలిపి డైనమైట్ చేశాడు. ట్యాంకులో మాత్రం ఇవి పాపం అమాయకులు, మెత్తటి స్పాంజితో పోతాయి. పచ్చ చుక్కలు వేరు. కణాలు ఒక్కటే పొరలో గుండ్రంగా పరుచుకుని, జిగురుతో అద్దానికి బిళ్లలా అతుక్కుంటాయి. ఇలా బిళ్లలా పెరిగే జాతుల్లో కొలియోకీట్ ఒకటి. అది చెట్లూ గడ్డీ అన్నిటి పూర్వీకులకి దగ్గరి చుట్టం లెక్క. అంటే మనం గోకి పారేసేవాటిలో కొన్ని మర్రిచెట్టుకి చాలా దూరపు పెదనాన్న వరస.

వీటిని తీయడానికి నేనిప్పుడు చేసేది చెప్తా. ముందు పాత ఏటీఎం కార్డు. ప్లాస్టిక్ గాజు కంటే చాలా మెత్తన కాబట్టి కార్డు అద్దాన్ని గీయలేదు. సగం చుక్కలు దానికే లేస్తాయి. దానికీ లొంగనివాటికి కొత్త బ్లేడు, హోల్డర్‌లో పెట్టి. అవును, బ్లేడే. భయపడకండి. నున్నటి అంచు అద్దం మీద పడుకుని జారుతుంది, చుక్క కిందకి దూరి లేపుతుంది. బ్లేడుని అద్దానికి ఆనించి ఏటవాలుగా, ఒకే దిశలో, నీళ్లలో తడిగా ఉండగానే. నిలబెట్టి గోకొద్దు. గీసేది బ్లేడు మూల, లేదా తుప్పు పట్టి నొక్కులు పడిన అంచు. అందుకే ప్రతిసారీ కొత్తది. రూపాయల్లో పని, అక్కడ పిసినారితనం వద్దు. మూలల్లో నల్లగానో తెల్లగానో సిలికాన్ ఉంటుంది చూడండి, దాని దగ్గరికి బ్లేడు అస్సలు పోనీయకండి. ట్యాంకుని పట్టుకుని ఉన్నది అదే. తెగితే గీత కాదు, హాల్లో వరద.

అసలు రూల్ ఇంకోటి ఉంది. పైనుంచి కిందకి వెళ్లండి, ఇసుకకి రెండు మూడు వేళ్ల పైన ఆపేయండి. ప్రతి రెండు లాగుళ్లకి ప్యాడ్ పైకి తీసి, వేలితో తడిమి, కడిగి మళ్లీ పెట్టండి. వేలికి గరుకు తగిలితే అదే మీ రేపటి గీత. మాగ్నెట్ జారి ఇసుకలో పడితే అలాగే పైకి లాగొద్దు, చేత్తో తీసి కుళాయి కింద కడగండి. నాలాగా సౌండ్ విని కూడా ఇంకోసారి లాగొద్దు. ఇసుకని ఆనుకుని ఉన్న ఆ కింది అంచుని చివర్లో, కార్డుతో, ఇసుక నుంచి పైకి మాత్రమే. పైన నీటిమట్టం దగ్గర తెల్లటి గీత కడుతుందే, బోరు నీళ్లున్న ఏరియాల్లో మరీ ఎక్కువ, అది పాచి కాదు, సున్నం. దాన్ని బ్లేడుతో గోకి లాభం లేదు. నీళ్లు మార్చేటప్పుడు మట్టం దించి, గుడ్డ మీద వెనిగర్‌గానీ నిమ్మరసంగానీ వేసి కాసేపు అంటించి ఉంచితే కరుగుతుంది. తర్వాత తడిగుడ్డతో తుడిచేసి అప్పుడు నీళ్లు నింపండి.

ట్యాంకు అక్రిలిక్ అయితే పైన చెప్పిన బ్లేడు మర్చిపోండి. అక్రిలిక్ గట్టిదనం 3 చుట్టూ, బ్లేడుకి అది వెన్న. జపాన్‌లో ఒకినావా చురౌమి అక్వేరియంలో 2002లో పెట్టిన అక్రిలిక్ పలక 22.5 మీటర్ల వెడల్పు, 8.2 మీటర్ల ఎత్తు, 60 సెంటీమీటర్ల మందం. గాజుతో అంత చేయలేరు. కానీ అంత పెద్ద గోడకి కూడా ఇసుక రేణువు అంటే భయమే. ఒక్క ఊరట, అక్రిలిక్ మీద గీత పడితే పాలిష్ పట్టి పోగొట్టొచ్చు. గాజు మీద నా గీత లాంటిది పోగొట్టడం చాలా కష్టం, అరగదీసిన చోట బొమ్మ వంకరగా కనిపిస్తుంది.

ఇప్పుడు గాస్ దగ్గరికి వస్తా అన్నాను కదా. ఆ గీత పడ్డాక నేను చేసిన రెండో పని ఇది, దీన్ని చెప్పడానికి కొంచెం సిగ్గుగా ఉంది. షాపుకి వెళ్లాను. "అన్నా, అద్దం మీద పాచి తినేది ఏమన్నా ఉందా?" అని అడిగా. "సక్కర్ ఫిష్ తీస్కో తమ్ముడూ, అద్దం నాకి పారేస్తది" అన్నాడు. రెండంగుళాల చేప. నోటితో అద్దానికి అతుక్కుని ఉంటే ముద్దుగా ఉంది. ఎంత పెరుగుద్ది అని నేను అడగలేదు, ఆయన చెప్పలేదు.

దాని అసలు ఊరు దక్షిణ అమెరికా. అడుగు దాటి పెరుగుతుంది. ఆ మొండి పచ్చ చుక్కల్ని అది పెద్దగా పట్టించుకోదు, పెద్దయ్యేకొద్దీ చేపల మేత మీదే దాని దృష్టి. పైగా అది వేసే పెంట చూస్తే, పాచికి ఎరువు మనమే కొని పెట్టినట్టు. మరి రెండడుగుల ట్యాంకులో పట్టనప్పుడు జనం ఏం చేస్తారు? చెరువులో వదిలేస్తారు. అలా వదిలింది ఇప్పుడు మన కృష్ణా, గోదావరి జిల్లాల చెరువుల్లో, కాలవల్లో ఉంది. పేపర్లో డెవిల్ ఫిష్ అని వస్తోంది చూడండి, అదే ఇది. ఒళ్లంతా గట్టి పలకలు, రెక్కలకి ముళ్లు. వలలో పడితే ముళ్లు చిక్కుకుని వల చిరుగుతుంది, బజార్లో ఎవరూ కొనరు. గట్లలో బొరియలు తవ్వి గుడ్లు పెడుతుంది. హైదరాబాద్ సీసీఎంబీ వాళ్లు నీళ్ల శాంపిల్‌లో డీఎన్ఏ పరీక్ష చేసి తూర్పు కనుమల ప్రాంతపు నీళ్లలో ఇదెంత పాకిందో వెతికారు. చాలా చోట్ల దొరికింది.

ఇంగ్లండ్‌లో జనం అద్దాల ట్యాంకుల కోసం తీరాన్ని ఊడ్చేశారు. మనం అద్దం తుడవడానికి తెచ్చినదాన్ని చెరువులో ఒంపేశాం. వల చిరిగిన మనిషికి అక్వేరియం అంటే ఏంటో కూడా తెలిసి ఉండదు.

నా చేప ఏడాదిన్నరకి అడుగుకి దగ్గరైంది. షాపుకి తీసుకెళ్తే "ఇంత పెద్దది మేం తీస్కోం" అన్నారు. ఫ్రెండ్ ఒకడు "రేయ్, ఎందుకురా ఇంత ఆలోచన, పక్కనే చెరువుంది, నైట్ వెళ్లి వదిలేద్దాం పద" అన్నాడు. బకెట్‌లో వేసుకుని బండెక్కాం కూడా. చెరువు గట్టు మీద ఒకాయన వల ఆరేసుకుని, చిరుగులు కుట్టుకుంటున్నాడు. మమ్మల్ని చూసి, బకెట్ చూసి, "ఏం చేప బాబూ?" అన్నాడు. మావాడు మూత పెట్టేశాడు. నేను ఏం చెప్పలేక "ఏం లేదు బాబాయ్" అని బండి వెనక్కి తిప్పించాను.

ఇప్పుడు ట్యాంకులో పాచి పని చూసేది మూడు నెరైట్ నత్తలు. మంచినీళ్లలో వీటి సంతానం పెరగదు, పిల్లలు బతకాలంటే ఉప్పు కలిసిన నీళ్లు కావాలి. అందుకే లెక్క మూడు దాటదు. ఒక్కటే తలనొప్పి, అద్దం మీద నువ్వుగింజల్లా తెల్లటి గుడ్లు అంటించి పోతాయి. ఆ గుడ్లు గోకడానికి మళ్లీ నేనే, ఏటీఎం కార్డుతో. చెరువు నత్తల్ని మాత్రం పట్టుకొచ్చి వేయకండి, వారింగ్టన్ చేశాడు కదా అని. మన చెరువుల్లోని లిమ్నియా నత్తలు పశువులకొచ్చే కార్జపు జలగని మోస్తాయి, ఇంకా ఏమేం మోస్తాయో మీ చేపలకి అనవసరం.

సక్కర్ ఫిష్ ఎక్కడ అంటారా? డాబా మీద ఒక సిమెంటు తొట్టి ఉంది, అమ్మ తులసి మొక్కలకి నీళ్లు పట్టుకునేది. దాన్ని ఖాళీ చేయించి అందులో వేశాను. అమ్మ ఇంకా కోపంగానే ఉంది. రోజూ పొద్దున మేత వేస్తా. ఇదిగో కెమెరా అటు తిప్పుతున్నా, చూడండి. వీడే. అడుగున పడుకున్నాడు. చుట్టూ గోడల నిండా పాచి, ఇంత మందాన. ఒక్క నాకు నాకిన పాపాన పోలేదు.

ఓకే ఫ్రెండ్స్, వచ్చే వారం కలుద్దాం. మీ దగ్గర కూడా పెద్దదైపోయిన సక్కర్ ఫిష్ ఉంటే, చెరువు దగ్గరికి వెళ్లేముందు కామెంట్‌లో ఊరి పేరు రాయండి. మీ ఊళ్లో పెద్ద తొట్టి ఉన్నవాళ్లు ఎవరైనా ఉన్నారేమో కలుపుతాను.